పనివలన వచ్చు ఉబ్బసము

ఉబ్బసము మన తెలుగునాట క్రొత్త వ్యాధి కాదు. రాత్రివేళ ప్రక్కపై లేచి కూర్చుండి, రెండు చేతులును మోకాళ్ళపై ఆనించి, ఊపిరికై పెనగులాడు మనిషి ప్రతి గ్రామమునందును ఒకరైనను కనబడుదురు. ఇంటివారు దీనికి చెప్పు కారణములు మూడే. తాతకు ఉండెను గనుక మనుమనికి వచ్చినదందురు. చలిగాలి పడలేదందురు. పుల్లని పెరుగు తిన్నందున కఫము చేరినదందురు. మొదటి రెండు మాటలలోను కొంత నిజము కలదు. కాని ఇంకొక కారణము కలదు. దానిని రోగి చెప్పడు. వైద్యుడును తరచుగా అడుగడు. అది ఆ మనిషి దినమంతయు చేయు పని.

ఈ ప్రశ్న అడుగవలెనని మూడు వందల యేండ్ల క్రిందటనే ఒక వైద్యుడు బోధించెను. ఇటలీ దేశమునందలి మోదెనా నగరములో 1700 సంవత్సరమున బెర్నార్దీనో రామజీని అను వైద్యుడు వృత్తులవలన కలుగు వ్యాధులను గూర్చి ఒక గ్రంథము ప్రకటించెను. ప్రాచీనులు రోగిని అడుగుమని చెప్పిన ప్రశ్నలకు తోడు, నీవు ఏ పని చేయుదువు అను ప్రశ్నను కూడ చేర్చుమని ఆయన వైద్యులను కోరెను. ధాన్యము జల్లించువారి దగ్గును, పట్టును దువ్వి శుభ్రపరచువారి ఆయాసమును ఆయన ఆనాడే వర్ణించెను. నేటి శాస్త్రము ఆయన మాటనే అంకెలలో చెప్పుచున్నది. అమెరికా, ఐరోపా శ్వాసవైద్య సంఘములు 2019లో వెలువరించిన నివేదిక ప్రకారము, పెద్దవారికి వచ్చు ఉబ్బసములో నూటికి సుమారు 16 పాళ్ళు పనిచోటి ధూళి, ఆవిరి, పొగల వలన కలుగుచున్నది.

ఇది ఎట్లు కలుగునో ముందుగా తెలిసికొందము. గాలి పోవు గొట్టములు ఊపిరితిత్తులలో చెట్టుకొమ్మలవలె చీలుచు సన్నబడుచు పోవును. ఉబ్బసములో ఈ గొట్టముల లోపొర వాచును. చుట్టునున్న కండరము బిగుసుకొనును. జిగురువంటి కఫము ఊరును. అప్పుడు గాలి లోనికి పోవుటకంటె వెలికి వచ్చుట కష్టమగును. మనము వినెడి పిల్లికూత ఆ ఇరుకుదారిలో గాలి చేయు చప్పుడే.

పనివలన ఈ స్థితి రెండు విధముల ఏర్పడును. మొదటిది ఘాటైన వాయువులను పీల్చుటవలన గొట్టములు ఒరసి పుండుపడినట్లగుట. ఇది గంటలలోనే తెలియును. రెండవది ఎలర్జీ, అనగా ఒక పదార్థము శరీరమునకు పడకపోవుట. ఇది తొలినాడే బయటపడదు. శరీరము ఒక ధూళిని శత్రువుగా గుర్తించుటకు వారములు, నెలలు, ఒక్కొక్కప్పుడు సంవత్సరములు పట్టును. “పదేండ్లుగా ఈ పనే చేయుచున్నాను, అప్పుడు రానిది ఇప్పుడెట్లు వచ్చును?” అని రోగి అడుగుట సహజము. పదేండ్లుగా పీల్చినందువలననే శరీరము దానిని గుర్తించినది అని సమాధానము. ఒకసారి గుర్తించిన పిమ్మట మాత్రము పిడికెడు ధూళి అక్కరలేదు, చిటికెడు చాలును.

ఇక మన సీమకు వత్తము. కదిరి నుండి మదనపల్లెకు పోవు దారిలో తనకల్లు ఉన్నది. 2022 వరకు అనంతపురము జిల్లాలో నుండి, నేడు శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. జిల్లాలు మారినను వాన మారలేదు. అనంతపురపు పీఠభూమిలో ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వర్షము మాత్రమే కురియును. అదియు అదనున పడకపోయినచో వేరుసెనగ చేను పశువుల మేతకు మాత్రమే మిగులును. అందుచేత బోరుబావిలో కొంచెము నీరున్న రైతులు కదిరి, హిందూపురము, మడకశిర ప్రాంతములలో మల్బరి నాటి పట్టుపురుగులను పెంచుచున్నారు. ఏడాదికొక పంటనే నమ్ముకొనక, ఏడాదిలో పలుమారులు గూళ్ళమ్మి డబ్బు కండ్ల చూచు ఈ పని కరవు నేలకు ఊతకోలవంటిది. కనుక నేను చెప్పబోవు మాటలు ఆ ఊతకోలను విరుచుటకు కాదు. దానిని పట్టుకొన్నవారు నిలువగలుగుటకు.

పట్టుపురుగు గ్రుడ్డునుండి వెలువడి గూడు కట్టుటకు సుమారు 25 దినములు పట్టును. ఈలోపల అది నాలుగు మారులు కుబుసము విడుచును. మన రైతులు దీనిని జ్వరమందురు. విడిచిన చర్మములు, ఎండిన పెంట, పురుగు తినగా మిగిలిన ఆకు అంతయు పడకలో చేరి పొడియగును. పడక శుభ్రము చేయునప్పుడు ఆ పొడి లేచును. చంద్రికలనుండి గూళ్ళు తీయునప్పుడు పైనున్న సన్నని నూగు ఎగురును. పంటకును పంటకును నడుమ గదిని బ్లీచింగు పొడితోను ఫార్మలినుతోను శుద్ధి చేయునప్పుడు ఘాటు ఆవిరి కమ్మును. దారము తీయుచోట గూళ్ళను ఉడికించు నీటి ఆవిరితో పట్టుజిగురు, లోపలి పురుగు అంశములు గాలిలో కలియును. గ్రుడ్లు పెట్టించు కేంద్రములలో శలభముల రెక్కల పొలుసులు రాలును. వీనిలో ప్రతి ఒక్కటియు ఉబ్బసమును పుట్టింపగలదు, లేదా రేపగలదు. పట్టుదారము తీయు ఫిలేచరులలో పనిచేయువారికి పట్టు అంశములవలననే ఉబ్బసము కలుగుచున్నదని పి.వి. సుబ్బారావు ప్రభృతులు 1985లో ప్రచురించిన పరిశోధన తెలిపినది.

పట్టు ఒక్కటియే కాదు. వేరుసెనగకాయలు ఒలుచు మరల వద్ద పొట్టుధూళితోపాటు బూజు కూడ ఎగురును. కలుపు తీయువారికి వయ్యారిభామ మొక్క పుప్పొడి తుమ్ములను తెచ్చును. మన ఇంటింట పరిచితమైన చింతగింజకు కూడ ఒక చరిత్ర కలదు. దాని పొడిని నూలునకు పెట్టు గంజిలో కలుపుటవలన ఇంగ్లండులోని నేతపనివారిలో దగ్గు, ఆయాసము ప్రబలిన ఉదంతమును 1957లో అక్కడి వృత్తివైద్య పత్రిక ప్రచురించినది. చింతపండు తినిన కీడు లేదు. గింజ పొడియై గాలిలో లేచి ఊపిరిలో చేరినప్పుడే కీడు. నోటికి అమృతమైనది ముక్కునకు విషము కావచ్చునని దీనివలన గ్రహింపవలెను.

ఇప్పుడొక ఇంటిని ఊహించుకొందము. ఆ ఇంటి ఇల్లాలు సాయంకాలము అయిదు గంటలకు పురుగుల పడక శుభ్రము చేయును. ముక్కు కారును, కండ్లు దురద పెట్టును, పది తుమ్ములు వచ్చును. జలుబు అనుకొనును. వంట ముగించి పరుండును. రాత్రి పదకొండు గంటలకు ఆయాసముతో లేచి కూర్చుండును. మంచు పడినది, తలుపు వేయమనును. ఉగాదికి పుట్టింటికి పోయి పది దినములుండును. అక్కడ అయిదారు దినములకే ఊపిరి తేలికపడి రాత్రి హాయిగా నిద్ర పట్టును. పుట్టింటి నీళ్ళు పడినవని సంతోషించును. తిరిగి వచ్చిన రెండవ నాడో మూడవ నాడో మరల ఆయాసము. అత్తవారింటి నీళ్ళు పడలేదని ఎవరో అందురు. పాపము, నీటిలో ఏ దోషమును లేదు! పుట్టింట పట్టుపురుగులు లేవు, అంతే.

ఈ కథలో రోగమును పట్టి ఇచ్చు గుర్తులన్నియు ఉన్నవి. మొదటిది, ఆయాసమునకు ముందుగా ముక్కు, కండ్లు చెప్పిన సూచన. పనిలో తుమ్ములు ఆరంభమైనప్పుడే జాగ్రత్తపడిన, అనేకులకు వ్యాధి ముదురకుండ చూడవచ్చును. రెండవది, ఆలస్యము. ఎలర్జీ దాడి కొన్ని నిమిషములలో రావచ్చును. లేదా నాలుగు మొదలు ఎనిమిది గంటలు గడచిన పిమ్మట రావచ్చును. పని సాయంకాలము, ఆయాసము రాత్రి అగుటచే ఎవరును ఆ రెంటిని ముడివేయరు. మూడవది, అన్నింటికంటె ముఖ్యమైనది, పనికి దూరమైనప్పుడు కలుగు ఉపశమము. అయితే వ్యాధి ముదిరిన కొలది ఈ ఉపశమమునకు దినములకు బదులు వారములు పట్టును. కడపటికి సెలవు నాళ్ళలోను ఆయాసము వదలదు. అప్పుడు గుర్తు పట్టుట వైద్యునకును కష్టమే.

కనుక అనుమానము కలిగిన వెంటనే గోడనున్న కేలండరును సాక్షిగా చేసికొనుడు. ఏ దినమున ఏ పని చేసితిరి, ఆ రాత్రి ఊపిరి ఎట్లున్నది, ఈ రెండు ముక్కలు వ్రాయుడు. దీనికి తోడు పీక్ ఫ్లో మీటరను చిన్న సాధనము కలదు. గట్టిగా ఊదినప్పుడు గాలి ఎంత వేగముగా వెలువడినదో అది అంకెలో చూపును. బ్రిటనులో మార్టిన్ రైట్ నిర్మించిన మొదటి సాధనమును 1959లో లోకమునకు తెలిపిరి. ఈనాడది చేతిలో ఇముడు ప్లాస్టిక్ గొట్టముగా దొరకుచున్నది. దినమునకు నాలుగు వేళల, వేళకు మూడు మారులు ఊది, మూడింటిలో పెద్ద అంకెను వ్రాయవలెను. పనిలోనున్న రెండు వారములు, పనికి దూరముగా నున్న రెండు వారములు ఇట్లు వ్రాసిన కాగితము వైద్యునకు పది మాటలకంటె ఎక్కువ చెప్పును. పట్టురైతునకు ఇందులో ఒక సౌకర్యము కలదు. పంటకును పంటకును నడుమ వచ్చు విరామమే ఆతనికి సహజమైన పరీక్షాకాలము. కాని ఆ విరామములో గదిని శుద్ధి చేయు పని మాత్రము రోగి పెట్టుకొనరాదు. పెట్టుకొన్నచో పరీక్ష చెడును.

ఆ కాగితముతో కదిరి ప్రాంతీయ ఆసుపత్రికిగాని, అనంతపురము ప్రభుత్వ వైద్యకళాశాల ఆసుపత్రికిగాని పోవచ్చును. అవసరమైనచో ఊపిరితిత్తుల శక్తిని కొలుచు స్పైరోమెట్రీ పరీక్షను, ఏది పడదో తెలుపు చర్మపరీక్షను వైద్యులు సూచింతురు. ఇక్కడ ఒక హెచ్చరిక. ప్రతి దగ్గును ఉబ్బసము కాదు. రెండు వారములు మించిన దగ్గునకు కఫపరీక్ష చేయించి క్షయ లేదని నిశ్చయించుకొనవలెను. రాతిధూళి పీల్చువారికి వచ్చు సిలికోసిస్ వేరు. దానికి సెలవుదినమున ఉపశమము ఉండదు. ప్రత్తిమిల్లులలో వచ్చు బిస్సినోసిస్ వేరు. సెలవు పిమ్మట పనికి వచ్చిన మొదటి నాడే అందులో ఛాతీ ఎక్కువగా బిగియును. పని పేరు, ఆయాసపు వేళ చెప్పినచో వైద్యునకు ఈ భేదములు తేటపడును.

రోగము పనివలననే అని తేలినచో చేయవలసినదేమి? శాస్త్రము చెప్పు మొదటి మాట కఠినమైనది. ఆ ధూళిని పూర్తిగా విడుచుటయే మేలైన చికిత్స. విడిచినవారిలో కూడ పూర్తిగా స్వస్థులగువారు సుమారు మూడవ వంతే. లక్షణములు కనబడిన పిమ్మట ఎంత త్వరగా విడిచిన అంత మేలు. ఆలస్యమైన కొలది ఉబ్బసము ధూళిని విడిచినను మనిషిని విడువదు. ఇది నిజము. కాని ఎకరము మల్బరితో సంసారమీడ్చు కుటుంబమునకు పని మానుమని చెప్పి చేతులు దులుపుకొనుట వైద్యము కాదు. కుటుంబము మొత్తము పనిని మానలేకపోవచ్చును; కుటుంబములో రోగియైన ఒక్కరు ధూళిని మానవచ్చును. పడక తీయుట, గూళ్ళు విడదీయుట, గది శుద్ధి, ఈ మూడు పనులు ఆమెకు తప్పించి, తోటలో ఆకు కోయుట, నీరు పెట్టుట, విపణికి పోవుట, లెక్క చూచుట అప్పగింపవచ్చును. విపణికి పోవుట మగవాని పని, పడక తీయుట ఆడుదాని పని అను అలవాటును ఇంటివారు ఊపిరికంటె గొప్పదిగా ఎంచరాదు.

ధూళిని పుట్టుచోటనే తగ్గించుట రెండవ మెట్టు. పురుగుల గది వేరుగ నుండవలెను; అందులో ఎవరును పరుండరాదు, పసిపిల్లలను ఊయల వేయరాదు. ఆకులు తెంపి వేయు పద్ధతికి బదులు కొమ్మలతో మేపు పద్ధతిలో పడక తీయు పని చాల తగ్గును. ఇది కూలియును ఊపిరియును రెండును మిగిల్చును. పడకను తడుపుట పురుగునకు కీడు గనుక దానిని తడుపరాదు. నేలను మాత్రము పొడిచీపురుతో ఊడ్వక తడిగుడ్డతో తుడువవలెను. తూర్పారపట్టు రైతు గాలి ఏ దిక్కున వీచుచున్నదో చూడక చేట ఎత్తడు. పొట్టు తన ముఖముపై పడకుండ నిలుచుట ఆతనికి ఎవరును నేర్పనక్కరలేదు. కళ్ళములో ఉన్న ఆ తెలివి పురుగుల గదిలోనికి కూడ రావలెను. కిటికీలు తెరచి, గాలి వచ్చు వైపు వీపు పెట్టి పనిచేయవలెను. బ్లీచింగు పొడిలో ఆమ్లమును దేనిని కలుపరాదు. ప్రాణాపాయమైన క్లోరిన్ వాయువు పుట్టును.

ముఖమునకు కట్టుకొను గుడ్డ చివరి మెట్టు మాత్రమే. తువ్వాలు, పైటచెంగు పెద్ద ధూళిని ఆపును. రోగము తెచ్చు సన్నని ధూళి దానిగుండ సులువుగ పోవును. ఎన్-95 అను ముసుగు ముఖమునకు సందు లేకుండ పట్టినచో మేలు. ఎలర్జీ ముదిరినవారికి అదియు చాలదు. పని ముగిసిన పిమ్మట బట్టలు మార్చి, కాళ్ళు చేతులు కడిగికొని ఇంటిలోనికి రావలెను. లేనిచో ధూళి చీరకుచ్చిళ్ళలోనే ప్రక్కవరకు వచ్చును.

మందుల మాట. ఉబ్బసమునకు నేడు ప్రధానమైన మందు నోటితో పీల్చునది. ఇందులో రెండు గుణములు కలవు. ఒకటి వాపును నెమ్మదిగా అణచును; దానిని బాగున్న దినములలో కూడ వైద్యుడు చెప్పినట్లు వాడవలెను. రెండవది బిగిసిన గొట్టమును నిమిషములలో విప్పును. విప్పు మందునే నమ్ముకొని అణచు మందును మానుట ప్రమాదము. పీల్చు మందు అలవాటు పడునని, అది చివరి మందని మనవారిలో ఒక భయము కలదు. అది నిజము కాదు. మాత్రకంటె తక్కువ మోతాదులో, కావలసిన చోటికే పోవు మందు అది. మృగశిరకార్తెనాడు చేపమందునకై హైదరాబాదు పోవువారు మన సీమలోను కలరు. వారి నమ్మకమును నేను పరిహసింపను. ఏడాదికొక నాడు మ్రింగినది ప్రతి దినము పీల్చు ధూళిని ఆపజాలదని మాత్రము చెప్పుదును. ఎక్కడికి పోయినను పీల్చు మందును మానరాదు. బీడీ, పొయ్యిపొగ ఈ రోగమునకు తోడుదొంగలని వేరుగా చెప్పనక్కరలేదు.

మందు పీల్చి ఉపశమము పొంది మరల అదే ధూళిలోనికి పోవుట, కుండకు అడుగున చిల్లి ఉంచి పైన నీళ్ళు పోయుటవంటిది. ఇక ఒక వాక్యము పూర్తిగా పలుకలేనంత ఆయాసము వచ్చినను, పెదవులు నీలివన్నె తిరిగినను, విప్పు మందు పనిచేయకున్నను తెల్లవారువరకు వేచియుండరాదు. 108కి ఫోను చేసి ఆసుపత్రికి పోవలెను. ఉబ్బసముతో మనుష్యులు చనిపోవుదురు. అందులో అనేక మరణములు ఆలస్యమువలననే.

అంతర్జాతీయ కార్మిక సంస్థ 2010లో సవరించిన వృత్తివ్యాధుల పట్టికలో ఉబ్బసము కూడ చేరియున్నది. పెద్ద కర్మాగారములో పనివానికి యజమాని ఉండును. అడుగుటకొక చోటు ఉండును. మన సీమలో ఇల్లే కర్మాగారము, ఇల్లాలే కార్మికురాలు. ఆమెకు నష్టపరిహారమిచ్చు యజమాని లేడు, పరీక్షించు అధికారి లేడు. గూళ్ళ నాణ్యము చూచుటకు విపణిలో పదిమంది ఉందురు. ఆ గూళ్ళు పెంచినవారి ఊపిరి చూచుటకు ఇంటివారే ఉండవలెను. గ్రామములోని ఆశా కార్యకర్తయు, ఆరోగ్య కేంద్రపు వైద్యుడును ఆయాసముతో వచ్చినవారిని “అమ్మా, నీవు ఏ పని చేయుదువు? ఏ పని చేసిన నాడు ఇది ఎక్కువగును?” అని అడిగినచో చాలును. వారు అడుగకపోయినచో మీరే చెప్పుడు. చీటీ వ్రాయించుకొనునప్పుడు పేరు, వయస్సు చెప్పిన వెంటనే మీ పనిని గూడ చెప్పుడు.